కొరెల్లి క్రిస్మస్ కన్చెర్టో: చివరి పాస్టొరాలె వాయించకుండా ఆపేయవచ్చునా?

పారిజాతం (డిసెంబరు 19, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. పాశ్చాత్య సంగీతం నేను నేర్చుకున్నది కాదు, వినడం మాత్రమే తెలుసు. ఇంట్లో నాన్నగారి వయొలిన్ వింటూ పెరిగాను కనుక తీగవాద్యాలు ఎక్కడ మోగినా చెవి అటు పోతుంది. అలా కొన్నేళ్ల క్రితం ఇటలీ స్వరకర్త ఆర్కాంజెలో కొరెల్లి ఆరవ ఓపస్‌లోని (ఓపస్ అంటే అచ్చైన రచనల సంపుటి) ఎనిమిదవ కన్చెర్టో గ్రోసో, అందరూ క్రిస్మస్ కన్చెర్టో అని పిలిచే జి మైనర్ రచన, నాకు పరిచయమైంది. అప్పటి నుంచి డిసెంబరు వచ్చిందంటే అది వినకుండా ఉండలేకపోతున్నాను.

నిన్న ఒక కచేరీ వీడియో చూశాను. వాద్యకారులు బాగానే వాయించారు గాని, ఐదవ భాగమైన అల్లెగ్రో (వేగంగా నడిచే భాగం) ముగియగానే లేచి నిలబడి ప్రేక్షకులకు నమస్కరించి వెళ్లిపోయారు. నేను ఏ భాగం కోసం ఎదురుచూస్తానో ఆ పాస్టొరాలె, అంటే కాపరుల పాట తీరులో సాగే చివరి భాగం, వాయించనే లేదు. భోజనానికి పిలిచి పెరుగు వడ్డించకుండా విస్తరి ఎత్తేసినట్టు అనిపించింది. ఇలా వదిలేయడానికి వారికి హక్కు ఉన్నదా?

దీనితో పాటు చాలాకాలంగా ఉన్న మరొక సందేహం. కన్చెర్టో గ్రోసో అంటే చిన్న బృందానికీ పెద్ద బృందానికీ మధ్య పోటీ అని చదివాను. ఈ రచనలో నాకు ఎక్కడా పోటీ వినపడదు. నేను వినవలసిన విధంగా వినడం లేదేమో తెలిసినవారు చెప్పగలరు.

కమాను (డిసెంబరు 19, రాత్రి 11:05)

పారిజాతం గారూ, మొదటి ప్రశ్నకు జవాబు ముద్రిత ప్రతిలోనే ఉన్నది. ఆ భాగం శీర్షికలో ‘పాస్టొరాలె ఆడ్ లిబితుమ్’ అని రాసి ఉంటుంది. ఇష్టమైతే వాయించండి, లేకపోతే లేదు అని దాని భావం. కనుక హక్కు ఉన్నది. వదిలేయడం సబబేనా అంటే అది వేరే చర్చ.

రెండవ ప్రశ్న నాకు ఇంకా ఇష్టమైనది. మీరు సరిగానే వింటున్నారు. ఈ పన్నెండు కన్చెర్టోల ఓపస్ 1714లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎస్తియెన్ రోజే ముద్రణాలయం నుంచి వెలువడింది. కొరెల్లి 1713 జనవరి 8న రోమ్‌లో కన్నుమూశాడు కనుక పుస్తకం ఆయన చూడలేదు. దాన్ని వెలుగులోకి తెచ్చే బాధ్యత ఆయన శిష్యుడు, ఏళ్ల తరబడి పక్కన కూర్చుని రెండవ వయొలిన్ వాయించిన మత్తేయో ఫోర్నారి తీసుకున్నాడు. ఆ పుస్తకం ముఖపత్రం మీద ఉన్న వాక్యాన్ని నిదానంగా చదివితే మీ సందేహం తీరుతుంది. రెండు వయొలిన్లు, ఒక సెల్లో ఉండే కన్చెర్టీనో అనే చిన్న బృందం తప్పనిసరి అని, మరో రెండు వయొలిన్లు, వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది), బాస్ ఉండే కన్చెర్టో గ్రోసో అనే పెద్ద బృందం ఐచ్ఛికమని, కావాలంటే ఆ వాద్యాల సంఖ్యను రెట్టింపు చేసుకోవచ్చునని అందులో ఉన్నది.

అంటే ఏ పెద్ద బృందం పేరు మీద ఈ సంగీత రూపానికి పేరు వచ్చిందో ఆ బృందం లేకపోయినా రచన నిలుస్తుంది. ఆ ముగ్గురికీ హార్ప్సికార్డో ఆర్గనో తోడైతే చాలు, ట్రియో సొనాటా, అంటే మూడు గొంతుల రచన, పూర్తిగా వినపడుతుంది. కొరెల్లి అంతకు ముందు 1681 నుంచి 1694 వరకు నాలుగు ఓపస్‌లలో నలభై ఎనిమిది ట్రియో సొనాటాలు ప్రచురించాడు. చేయి తిరిగింది ఆ రూపంలోనే. కన్చెర్టోలో ఆయన చేసింది ఆ ముగ్గురి సంభాషణకు అక్కడక్కడా ఒళ్లు పెంచడం. పెద్ద బృందంలోని వయొలిన్లు చాలా చోట్ల చిన్న బృందం వాయించే స్వరాలనే తోడుగా వాయిస్తాయి. ఎదురు నిలవవు. అందుకే మీకు పోటీ వినపడలేదు. ఒకే ధ్వని సన్నబడుతూ లావవుతూ ఉంటుంది, అంతే.

పాతరాయి (డిసెంబరు 20, ఉదయం 7:15)

కమాను గారి వివరణ బాగున్నది గాని, నాకు కొరెల్లి మీద ఉన్న ఫిర్యాదే దానివల్ల రుజువవుతున్నది. పోటీ లేదు, కథ లేదు. ప్రతి నాలుగు అడుగులకూ అదే ముగింపు పదబంధం వచ్చి వాక్యానికి చుక్క పెట్టి పోతుంది. వివాల్డి 1711లో ప్రచురించిన మూడవ ఓపస్ వినండి. బృందం ఒక పల్లవి పట్టుకుంటుంది, ఒంటరి వయొలిన్ దాని నుంచి తప్పించుకుని ఎక్కడెక్కడికో పోతుంది, మళ్లీ పల్లవి దాన్ని పట్టుకుంటుంది. కొరెల్లి ఓపస్ ముద్రణకు వచ్చే నాటికే కాలం ముందుకు వెళ్లిపోయింది. పాస్టొరాలె వదిలేసినా, మొత్తం వదిలేసినా నాకు పెద్ద నష్టం కనపడదు. మన్నించాలి.

మంద్రం (డిసెంబరు 20, మధ్యాహ్నం 1:30)

పాతరాయి గారికి జవాబు చెప్పగల పాండిత్యం నాకు లేదు. అయితే ఈ రచనను లోపలి నుంచి, అందులోనూ అందరికన్నా తక్కువ పని ఉన్న కుర్చీలో కూర్చుని చూసినవాణ్ని. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు జర్మనీలో ఒక చిన్న ఊళ్లో ఉన్నప్పుడు అక్కడి ఔత్సాహికుల బృందంలో వయోలా వాయించేవాణ్ని. కన్చెర్టీనోలో వయోలా ఉండదు. మేము పూర్తిగా ఐచ్ఛిక వర్గం వాళ్లం.

బయటి నుంచి వినేవారికి ఇది వాయించడం సులభమనిపిస్తుంది. వేళ్లకు నిజంగానే సులభం. కష్టమంతా విరామాలు లెక్కపెట్టడంలో ఉన్నది. రెండవ భాగమైన అల్లెగ్రోలో సెల్లో ఆగకుండా నడుస్తుంటుంది. దాని మీద రెండు వయొలిన్లు ఒకదాని భుజం మీద ఒకటి చేయి వేసినట్టు మెట్లు దిగుతుంటాయి. మేము ఆ మెట్ల అందం చూస్తూ లెక్క మరచిపోకూడదు. ఒక క్రిస్మస్ కచేరీలో నేను మరచిపోయాను. ఒక బార్ ముందే కమాను తీగ మీద ఆనించి నిండుగా ఒక స్వరం పలికించాను. ఆ రచన మొత్తం మీద వయోలా ఒంటరిగా వినపడటం బహుశా ఆ సాయంత్రమే జరిగి ఉంటుంది. పక్కన కూర్చున్న పెద్దాయన తల తిప్పకుండానే తన కమాను కొనతో నా కాగితం మీద సరైన చోటు చూపించాడు.

ఆ తప్పువల్ల నాకు ఒక విషయం అర్థమైంది. మా ప్రవేశాలు ఇష్టం వచ్చిన చోట పెట్టినవి కావు. ముగ్గురూ ఒక వాక్యం చెబుతూ చెబుతూ దాని చివరి పదానికి వస్తున్నప్పుడు మేము చేరతాం. భజనలో ఒకరు చరణం పాడి చివరికి వచ్చేసరికి వెనకవాళ్లు అందుకోవడం లాంటిది. పాతరాయి గారు విసుక్కున్న ఆ ముగింపు పదబంధమే మాకు తలుపు.

శ్రుతిపెట్టె (డిసెంబరు 20, రాత్రి 8:20)

కర్ణాటక సంగీతం వైపు నుంచి ఈ రచనను వినేవారికి ఉపయోగపడుతుందని కొన్ని మాటలు. రాగాలతో పోల్చితే తప్పుదారి పట్టే ప్రమాదం ఉన్నది. ఆ సంగతి ఒప్పుకుంటూనే పోలుస్తున్నాను.

జి స్వరాన్ని షడ్జంగా పెట్టుకోండి. రచనలో ఎక్కువ భాగం సాధారణ గాంధారం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదాలతో నటభైరవి ఛాయలో ఉంటుంది. ప్రతి ముగింపు దగ్గరా నిషాదం కాకలిగా మారుతుంది కనుక అక్కడ కీరవాణి తొంగి చూస్తుంది. మూడవ భాగమైన అడాజియోలో (నిదానంగా నడిచే భాగం) షడ్జమే స్థానం మార్చుకుంటుంది. అది ఇ ఫ్లాట్‌లో ఉన్నది. అంటే మన శుద్ధ ధైవతం అక్కడ షడ్జమవుతుంది. ఇది గ్రహభేదమే (స్వరాలు మార్చకుండా షడ్జాన్ని మాత్రమే జరపడం) అనుకుని నేను చాలాకాలం మురిసిపోయాను. నటభైరవి ధైవతాన్ని షడ్జంగా తీసుకుంటే రావలసింది కల్యాణి. వినపడేది శంకరాభరణం. కారణం, ఇ ఫ్లాట్ మేజర్‌లో ‘ఏ’ (A) అనే స్వరాన్ని ఒక మెట్టు తగ్గించి ‘ఏ ఫ్లాట్’ వాడతారు. ప్రతి మధ్యమం ఉండవలసిన చోట శుద్ధ మధ్యమం పలుకుతుంది. ఆ ఒక్క స్వరం వల్ల అడాజియోకు ఆ నెమ్మది వచ్చిందని నా అభిప్రాయం.

ఇక పాస్టొరాలె. అక్కడ షడ్జం తిరిగి జి స్థానానికే వస్తుంది. గాంధారం మాత్రం సాధారణం నుంచి అంతరానికి లేస్తుంది, దానితో పాటే ధైవతమూ. అప్పటివరకు ఐదు భాగాల పాటు చెవికి అలవాటైన ఇంట్లోనే ఎవరో కిటికీ తెరిచినట్టు ఉంటుంది. కిటికీ తెరవకుండా కచేరీ ముగించడం నా వరకు నేరం.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మన పద్ధతిలో ఒకే గమనం మీద స్వరాన్ని సాగదీసి గమకంతో రుచి తెస్తాం. ఇక్కడ రుచి రెండు గొంతుల రాపిడిలో ఉన్నది. మొదటి భాగంలో చిన్న వివాచె (చురుకైన నడక) తర్వాత వచ్చే గ్రావె (బరువైన, నిదానమైన నడక) వినండి. ఒక వయొలిన్ పంచమం మీద నిలిచి ఉన్నదనుకోండి. రెండవది దాని పక్కనే ఉన్న ధైవతం మీదికి వచ్చి ఆనుతుంది. రెండూ కలిసి మోగినప్పుడు చెవిలో చిన్న నొప్పి కలుగుతుంది. మొదటిది ఒక మెట్టు దిగితే నొప్పి పోతుంది. పోయిందనుకునేలోపు ఈసారి రెండవదాని మీదికి మొదటిది వస్తుంది. దీన్ని వాళ్లు సస్పెన్షన్ అంటారు. గ్రావె అంతా ఈ గొలుసే.

కమాను (డిసెంబరు 20, రాత్రి 10:10)

శ్రుతిపెట్టె గారు గ్రావె ప్రస్తావన తెచ్చారు కనుక. అక్కడ కొరెల్లి ఒక అరుదైన సూచన రాశాడు: కమానును నిలిపి లాగండి, ఉన్నది ఉన్నట్టుగా వాయించండి అని. ఈ ‘ఉన్నది ఉన్నట్టుగా’ అనే మాట ఎందుకు రాయవలసి వచ్చిందో ఆలోచించాలి. ఆ కాలంలో నిదాన భాగాలలో రాసి ఉన్న స్వరాలు ఎముకల గూడు మాత్రమే. అలంకారాలు వాద్యకారుడు అప్పటికప్పుడు చేర్చుకోవాలి. కొరెల్లి ఐదవ ఓపస్ వయొలిన్ సొనాటాలకు ఆయన స్వయంగా వాయించిన అలంకారాలివేనంటూ అదే ఎస్తియెన్ రోజే సంస్థ 1710లో ఒక ప్రతి అచ్చువేసి అమ్మింది. అలంకరించడం అంత మామూలు విషయం కనుకనే ఇక్కడ వద్దని ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది. ఆ రాపిడి స్వరాల మీద సంగతులు వేస్తే రాపిడి కరిగిపోతుంది.

పాతరాయి గారికి ఒక మాట. కాలం ముందుకు వెళ్లిపోయిందన్న మాట ముద్రణ సంవత్సరానికి సరిపోతుంది గాని రచనాకాలానికి సరిపోదు. జార్జ్ ముఫాట్ అనే స్వరకర్త 1680ల ఆరంభంలోనే రోమ్‌లో కొరెల్లి ఈ పద్ధతి కన్చెర్టోలు వాయించగా విని, 1682లో తన సొంత సంపుటి వేశాడు. తక్కువ మంది ఉంటే ముగ్గురితో వాయించండి, ఎక్కువ మంది ఉంటే బృందాన్ని చేర్చండి అని 1701లో వేసిన మరొక సంపుటి ముందుమాటలో వివరించాడు కూడా. క్రిస్మస్ కన్చెర్టో కార్డినల్ పియెత్రో ఒత్తొబోని కోసం రాసినది, 1690 నాటిదని పండితులు భావిస్తారు. అంటే వివాల్డికి అప్పటికి పన్నెండేళ్లు.

ఐచ్ఛికం అన్నాను కదా అని ఎప్పుడూ చిన్నదిగానే వాయించేవారని కూడా అనుకోవద్దు. 1687లో రోమ్‌లో స్వీడన్ మాజీ రాణి క్రిస్టినా భవనంలో జరిగిన ఉత్సవంలో కొరెల్లి నూట యాభై మంది తీగవాద్యకారులను నడిపించాడు. అంతమందిలో ఒక్కరి కమాను పైకి పోవలసినప్పుడు కిందికి పోయినా సాధన ఆపించేసేవాడని ఆయన శిష్యుడు జెమినియాని చెప్పుకున్నాడు.

పాతరాయి (డిసెంబరు 21, ఉదయం 6:50)

సంవత్సరాల విషయంలో నేను తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నాను. నిన్న రాత్రి గ్రావెను శ్రుతిపెట్టె గారు చెప్పినట్టు రెండు వయొలిన్లనూ విడివిడిగా పట్టుకుని విన్నాను. ఆ నొప్పి నిజమే. నాలుగో భాగమైన వివాచె మాత్రం నాకు ఇప్పటికీ మర్యాదకు ఆడిన నాట్యంలాగే ఉన్నది.

పారిజాతం (డిసెంబరు 21, సాయంత్రం 5:25)

ఇంత సమాచారం వస్తుందని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. అయితే నా మొదటి ప్రశ్న ఇంకా సగమే తీరింది. ‘క్రిస్మస్ రాత్రి కోసం చేసినది’ అని పేరులోనే చెప్పిన రచనలో, క్రిస్మస్‌ను గుర్తుచేసే ఒకే ఒక్క భాగాన్ని ఇష్టమైతేనే వాయించమనడం ఏమిటి?

మంద్రం (డిసెంబరు 21, రాత్రి 9:00)

అందులోనే జవాబు ఉన్నదని నా ఊహ. ఆ చివరి భాగం లేకపోతే మిగిలినది ఏ రోజైనా వాయించదగిన చర్చి కన్చెర్టో. ఓపస్‌లో మొదటి ఎనిమిదీ ఆ తరగతివే, చివరి నాలుగు నాట్యగతులతో కూడిన సభా కన్చెర్టోలు. వేసవిలో వాయించాలనుకునేవాడికి గొర్రెల కాపరులతో పని లేదు. పుస్తకం కొన్నవాడికి పన్నెండు నెలలూ పనికి రావాలి కదా!

కాపరులు ఎందుకంటే, క్రిస్మస్ ముందు రోజుల్లో అబ్రుజ్జో కొండల నుంచి పశువుల కాపరులు రోమ్ వీధుల్లోకి దిగి వచ్చి మేరీమాత పటాల ముందు నిలబడి వాయించేవారు. ఒకరి దగ్గర జంపోన్యా అనే తోలుతిత్తి వాద్యం, మరొకరి దగ్గర పిఫెరో అనే సన్నాయి వంటి వాద్యం. తిత్తి నుంచి వచ్చే శ్రుతి ఆగదు, దాని మీద పాట ఊగుతుంటుంది. కొరెల్లి పాస్టొరాలెలో కింద బాస్ ఒకే స్వరం మీద ఆగి ఉండటం, పైన రెండు వయొలిన్లు జంటగా కదలడం, పన్నెండు బై ఎనిమిది తాళంలో తిస్రగతి ఊపు, అన్నీ ఆ వీధి సంగీతమే. స్వరకర్త హాండెల్ 1741లో మెస్సయా అనే గానరచనలో పెట్టిన చిన్న పాస్టొరల్ భాగానికి ‘పిఫా’ అని పేరు పెట్టడం కూడా ఆ సన్నాయివాళ్ల జ్ఞాపకంతోనే.

శ్రుతిపెట్టె (డిసెంబరు 21, రాత్రి 9:35)

ఆంధ్రలో వీధి నాటకాలకు శ్రుతి పట్టడానికి ఒకప్పుడు మేకతోలుతో చేసిన తిత్తి వాడేవారు. చంకలో పెట్టుకుని నొక్కుతూ ఉంటే ఒకే స్వరం గంటల తరబడి సాగేది. మంద్రం గారు రాసినది చదువుతుంటే ఆ వాద్యమే కళ్ల ముందుకు వచ్చింది. అందరూ కలిసి వాయించవలసిన చోట ఇటలీ వారు ‘తుత్తి’ అని రాస్తారు. తుత్తికీ తిత్తికీ భాషాపరంగా ఏ సంబంధమూ లేదు, కానీ ఈ భాగంలో రెండూ ఒకచోట కలిశాయి.

కమాను (డిసెంబరు 21, రాత్రి 10:50)

ఈ అలవాటు కొరెల్లి ఒక్కడిదే కాదని చెప్పడం మరిచాను. టొరెల్లి 1709లో, మన్‌ఫ్రెదీని 1718లో, లొకతెల్లి 1721లో తమ తమ సంపుటాలలో తలా ఒక క్రిస్మస్ కన్చెర్టో పెట్టారు. మన్‌ఫ్రెదీనిది వినండి, ఆయన పాస్టొరాలెను చివరికి దాచకుండా మొదట్లోనే వడ్డించేశాడు. పారిజాతం గారికి విస్తరి ఎత్తేస్తారన్న భయం ఉండదు.

పారిజాతం (డిసెంబరు 23, రాత్రి 8:15)

నిన్న నాన్నగారికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించి, రచనను రెండుసార్లు పెట్టాను. మొదటిసారి అల్లెగ్రో దగ్గర ఆపేశాను. ఆయన ఏమీ అనలేదు, కానీ కుర్చీ చేతి మీద తాళం వేస్తున్న వేళ్లు ఇంకా కదులుతూనే ఉన్నాయి. రెండవసారి ఆపకుండా వదిలాను. పాస్టొరాలె మొదలుకాగానే ఆయన లేచి వెళ్లి వయొలిన్ తెచ్చుకున్నారు. కింది తీగ మీద ఒకే స్వరం పట్టుకుని చివరి వరకు, ఆ ధ్వని సన్నగిల్లి ఆగిపోయేదాకా, నిదానంగా లాగుతూ కూర్చున్నారు.

ఇప్పుడు ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ముఖపత్రం చెప్పినట్టు ముగ్గురితోనే వాయించవచ్చు కదా అంటున్నారు. పాశ్చాత్య శ్రుతి కట్టుకుని రెండవ వయొలిన్ ఆయన సాధన చేస్తారట. మొదటి వయొలిన్‌కు కమాను గారు హైదరాబాదులోనే ఉన్నారని ఇంతకు ముందు ఒక చర్చలో చదివాను. సెల్లో వాయించేవారు ఎవరైనా ఉన్నారా?

కమాను (డిసెంబరు 23, రాత్రి 8:50)

తప్పకుండా వస్తాను. మా కాలనీలో సెల్లో నేర్చుకుంటున్న కుర్రవాడు ఒకడున్నాడు. రెండవ భాగంలో నడక కొంచెం తగ్గించుకుంటే వాయించగలడు. హార్ప్సికార్డ్ బదులు కీబోర్డుతో సరిపెట్టుకుందాం.

మంద్రం (డిసెంబరు 23, రాత్రి 9:05)

నేను కూడా ఇప్పుడు హైదరాబాదులోనే ఉన్నాను, వయోలా కూడా ఉన్నది.

కమాను (డిసెంబరు 23, రాత్రి 9:12)

మంద్రం గారూ, ముఖపత్రం ఏమంటున్నదో మీకు తెలుసు కదా.

మంద్రం (డిసెంబరు 23, రాత్రి 9:20)

తెలుసు. ‘కావాలంటే రెట్టింపు చేసుకోవచ్చు’ అని కూడా అదే వాక్యంలో ఉన్నది. ఏ రోజు రమ్మంటారో చెప్పండి, లెక్క తప్పకుండా వస్తాను.